సీటు ఎత్తు

"సూది కింద పెట్టు స్పొమెంకా! ఇవాళ పేట్కా పండగ. నువ్వు పొడిచే ప్రతి పోటూ ఆ తల్లికి తగులుతుంది" అని వంటింటి గుమ్మంలోంచి కేకేసింది మా అత్త కోసారా.

నా చేతిలో మా ఆయన రడోమిర్ తెల్ల చొక్కా ఉంది. పైనుంచి రెండో బొత్తం ఊడింది. మధ్యాహ్నం అతిథులు వచ్చేసరికి అది తొడుక్కుని ఆయన గుమ్మంలో నిలబడాలి. సరే, పాపం ఎందుకని సూది డబ్బాలో పెట్టేసి, చొక్కా కుర్చీ మీద పడేసి, లేచి వెళ్ళి కోడి సూప్ మీద తెట్టు తీశాను. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి పెట్టిన సర్మాల గిన్నె కదిపాను. పొయ్యిలో పంది మాంసం తిప్పాను. బంగాళాదుంపల చెక్కు తీశాను. గాజు గ్లాసులన్నీ కడిగి తుడిచాను. వీటిలో ఒక్కదానికీ అత్త అడ్డు చెప్పలేదు.

పేట్కా ఆడవాళ్ళని చల్లగా చూసే పునీతురాలు. ఆవిడ పండగనాడు ఆడది ఉతకకూడదు, కుట్టకూడదు, అల్లకూడదు. ఉజిత్సె ఊళ్ళో ముసలమ్మలు ఇప్పటికీ ఆ రోజు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. నా ఖర్మకొద్దీ ఆవిడే మా అత్తింటి పునీతురాలు కూడా. ఇంటి పునీతుల పండగని స్లావా అంటాం. దానికి ఎవరినీ పిలవం, కానీ వచ్చినవాళ్ళని వెనక్కి పంపకూడదు. గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతివాడికీ ముందు గోధుమ ప్రసాదం, తర్వాత పొద్దుపోయేదాకా భోజనం. అంటే ఊళ్ళో ఆడవాళ్ళందరికీ సెలవైన రోజున నడుం విరిగేలా చాకిరీ చేసేది నేను. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఈ మాట పైకి అనేశాను. అత్త నన్ను ఎగాదిగా చూసి, "వంట పనెట్లా అవుతుందే? వంట వంటే!" అంది.

నేను కొండ మనిషిని కాను. బనాత్ మైదానంలో పుట్టాను. అక్కడ నేల అప్పడాల పీటలా చదునుగా ఉంటుంది. మా అమ్మమ్మ నల్ల లంగా మోకాళ్ళ దాకా దోపుకుని సైకిల్ మీద సంతకి వెళ్ళేది, హ్యాండిల్‌కి వేలాడే సంచిలోంచి బాతు తల బయట పెట్టి చూస్తూ ఉండేది. అక్కడ ఆడపిల్లకి సైకిల్ ఎవరూ నేర్పరు, నడక వచ్చినట్టే వస్తుంది. పెళ్ళికి నా సామానుతో పాటు నా సైకిల్ కూడా ఈ ఊరికి వచ్చింది. ఉజిత్సెలో నది అడుగున ఉంటుంది, ఇళ్ళు కొండల మీద ఉంటాయి, మా ఇల్లు అన్నిటికంటే పైన. మొదటి వారం దాన్ని తోసుకుంటూ ఎక్కి వస్తుంటే వీధి వీధంతా నవ్వింది. "మైదానం పిల్లా, సైకిల్ నిన్ను మొయ్యాలా, నువ్వు సైకిల్‌ని మొయ్యాలా?" అన్నారు. తర్వాత అది కట్టెల పాకలో తుప్పు పట్టింది. ఒక వేసవిలో మా అత్త దానికి చిక్కుడు తీగ పాకించింది. ఆ ఏడు చిక్కుళ్ళు బాగా కాశాయి.

అప్పటినుంచి నా ప్రయాణాలన్నీ రడోమిర్ కారుకి ముడిపడ్డాయి. నేను కింద నది పక్కన పిల్లల బడిలో వంట చేస్తాను. దిగడం నా కాళ్ళ మీద, ఎక్కడం ఆయన దయ మీద. "ఐదింటికి కఫానా ముందు నిలబడు, తీసుకెళ్తా" అనేవాడు. నిలబడేదాన్ని. ఆ తాగుడు హోటలు కిటికీ అద్దంలోంచి నన్ను చూసి, ఇంకొక్క గ్లాసు అన్నట్టు వేలు చూపించేవాడు. చేతుల్లో సంచులతో, వంటింటి కమురు వాసనతో, వచ్చేపోయేవాళ్ళు పలకరిస్తుంటే నవ్వుతూ నిలబడటం ఎంత అవమానమో చెప్పలేను. నడిచి వెళ్ళిపోయిన రోజున, "నీకు పొగరెక్కువ, కాస్త ఆగలేవా?" అనేవాడు. పంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలన్నా, స్నేహితురాలిని చూడాలన్నా ముందు ఇంట్లో అర్జీ పెట్టుకోవాలి. "ఇప్పుడా? ఎందుకు? ఎంతసేపు?" ఆ మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పే ఓపిక లేక చాలాసార్లు వెళ్ళడమే మానేశాను.

నిరుడు ఎర్ర మిరపకాయల రోజుల్లో, పచ్చడి పెట్టడానికి కొన్న మూటని సగం కొండ దాకా మోసి, ఇక కాళ్ళు లేవక ఒకరి పిట్టగోడ మీద కూలబడ్డాను. అప్పుడు నాకంటే పెద్దావిడ ఒకామె సైకిల్ మీద నా ముందునుంచి పైకి వెళ్ళింది. నడుం నిటారుగా ఉంది. వెనక క్యారియర్ మీద నా మూటకి రెండింతల మిరపకాయల మూట. పోతూ పోతూ "చల్లగా ఉందమ్మా ఇవాళ" అని కూడా అంది. ఆవిడ రొప్పడం లేదు! నాకు ఆశ్చర్యం కంటే ముందు కోపం వచ్చింది. లేచి, "అమ్మా, ఆగండి! ఏం తింటారండీ మీరు?" అని అరిచాను. ఆవిడ ఆగి, పకపకా నవ్వి, సీటు కింద నల్ల పెట్టె మీద తట్టింది. "నేనేం తినను తల్లీ, ఇది తింటుంది. రాత్రంతా కరెంటు తింటుంది, పొద్దున్న నాకు అరుగుతుంది. ఎక్కి చూడు."

ఎక్కాను. అంత ఏటవాలులో ఏ సైకిలూ కదలదని నా ఒంటికి తెలుసు. భయంగానే పెడల్ మీద కాలు నొక్కాను. వీపు మీద ఎవరో అరచెయ్యి ఆనించి మెల్లగా ముందుకు తోసినట్టయింది. వెనక్కి తిరిగి చూశాను కూడా. ఎవరూ లేరు. మళ్ళీ తొక్కాను, మళ్ళీ తోడొచ్చింది. తొక్కడం ఆపితే అదీ ఆగిపోయింది. ఊరికే లాక్కుపోయే రకం కాదు, మన కష్టం మనం పడితేనే మిగతా కష్టం అది పడుతుంది. నేను చేసే పనికి ఇంకెవరైనా ఓ చెయ్యి వెయ్యడం నా బతుకులో అదే మొదటిసారి. కొండ మలుపులో దిగి, ఎవరో తెలియని ఆవిడ ముందు ఏడ్చేశాను.

ఆ చలికాలమంతా శనివారాలు పెళ్ళిళ్ళకి కేకులు చేసి, వసంతానికల్లా కొనుక్కున్నాను. ఆకుపచ్చది. ముందు బుట్ట, వెనక క్యారియర్.

"ఇది సైకిల్ కాదే, నాటకం" అన్నాడు రడోమిర్. "మోటారు మోస్తుంటే నువ్వు తొక్కుతున్నట్టు నటిస్తావు. మగాడు తొక్కితే కాలి పిక్కతో తొక్కాలి." కారులో కూర్చుని బొటనవేలు తప్ప ఏదీ కదపని మనిషి ఈ మాట అన్నాడు. ఆయన్ని ఎవరూ నటుడనలేదు. అత్త కూడా సన్నాయి నొక్కులు నొక్కింది. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. బట్టలుతికే మిషను వచ్చినప్పుడూ ఇదే చూశాం, ఆడాళ్ళ చేతులు మెత్తబడిపోయాయి. ఇప్పుడు కాళ్ళు కూడానా?" చిన్నగదిలో, పచ్చడి సీసాల పక్కన నేను బ్యాటరీ చార్జింగ్ పెడితే, ఇల్లు కాలిపోతుందని వచ్చి తీగ పీకేసేది.

అననీ అనుకున్నాను. ఎందుకంటే ఆ వేసవిలో నేను ఎన్ని చోట్లకి వెళ్ళానో వాళ్ళకి తెలియదు. రొట్టెల దుకాణానికి వెళ్ళాను. పంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. పని అయ్యాక నది ఒడ్డున సైకిల్ ఆనించి, రాయి మీద కూర్చుని, ఎవరికీ ఏమీ వండకుండా నీళ్ళు చూశాను. చెమట పట్టకుండా, సంచుల బరువుకి వేళ్ళు కోసుకుపోకుండా, ఎవరి గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగకుండా ఇంటికొచ్చాను. "ఎక్కడికెళ్ళావు?" అంటే "ఊరికే" అనేదాన్ని. ఊరికే వెళ్ళడమంటే ఏమిటో నా మైదానం వదిలాక మళ్ళీ అప్పుడే తెలిసింది. నలభై దాటినవాళ్ళు, మోకాళ్ళు అరిగినవాళ్ళు, ఒంటరివాళ్ళు ఈ ఊళ్ళో ఒక్కొక్కరే దాన్ని ఎందుకు కొనుక్కుంటున్నారో కంపెనీవాళ్ళ కాగితాల్లో రాసి ఉండదు. పైకి ఎక్కడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. అంతే.

సెప్టెంబర్‌లో ఎదుటి కొండ మీద కొత్త పిల్లల బడి తెరుస్తున్నారని, అక్కడ వంటింటికి పెద్దగా రమ్మని నన్ను అడిగారు. నా కింద ఇద్దరు మనుషులు, నా ఇష్టప్రకారం వంటలు. కానీ తెల్లవారకముందే పొయ్యి వెలిగించాలి, అప్పటికి ఆ కొండకి వెళ్ళే మొదటి బస్సు కూడా లేవదు. "ఎలా వస్తారు?" అని అడిగింది బడి పెద్దమ్మ. "నాకు సైకిల్ ఉంది" అన్నాను. ఎలా వస్తావన్న ప్రశ్నకి రడోమిర్ పేరు లేకుండా జవాబు చెప్పడం బాగుంది. బయటికొచ్చాక ఆ మాట ఇంకోసారి నాలో నేను అనుకున్నాను. పేట్కా పండగ తర్వాతి సోమవారం చేరమన్నారు.

ఈలోగా రడోమిర్ ఒక పుట్టినరోజు విందు నుంచి బండి నడుపుకుంటూ వస్తూ పోలీసులకి దొరికాడు. వసంతం దాకా లైసెన్సు లేదు. రెండు రోజులు ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. మూడోరోజు పొద్దున్న నేను పనికి బయల్దేరితే నా సైకిల్ సీటు నా ఛాతీ దాకా వచ్చింది. రాత్రి ఆయన దాని మీద కఫానాకి వెళ్ళొచ్చాడు. నేను సీటు దించుకున్నాను. మర్నాడు మళ్ళీ ఎత్తుంది. దించాను. అలా మొదలైంది. నాటకమన్న మనిషి పిక్కబలం సంగతి మరిచిపోయి, అన్నిటికంటే ఎక్కువ సాయం వచ్చే మీట నొక్కి పెట్టి, బ్యాటరీ అడుగంటా పీల్చేసి తెచ్చేవాడు. చార్జింగ్ పెట్టడం మాత్రం ఆయన పని కాదు. సగం దారిలో అది చచ్చిపోతే తెలుస్తుంది, ఎలక్ట్రిక్ సైకిల్ ఎంత బరువో. మామూలు సైకిల్ నయం. ఒక సాయంత్రం వానలో దాన్ని కొండ పొడుగునా తోసుకుంటూ వస్తుంటే, పెళ్ళైన మొదటి వారం గుర్తొచ్చింది. ఈసారి వీధి నవ్వలేదు. నాకే నవ్వొచ్చింది.

"పొద్దున్న నాకు కావాలి రడోమిర్, అది నాది" అన్నాను.

"మొగుడూ పెళ్ళాలకి నీదీ నాదీ ఏమిటే? మన సైకిలు. నువ్వు దిగడమేగా, నడువు. నాకు మోకాళ్ళు."

నాకు మోకాళ్ళు లేవు కాబోలు.

పండగనాడు మధ్యాహ్నానికి ఇల్లు నిండిపోయింది. పొడుగు కొవ్వొత్తి వెలుగుతోంది. పొద్దున్నే గుడిలో కోసి తెచ్చిన పండగ రొట్టె బల్ల మధ్యలో ఉంది. రడోమిర్ బొత్తం లేనిచోట టై కప్పుకుని, ప్రసాదం పళ్ళెం పట్టుకుని, వచ్చినవాళ్ళని ఆహ్వానించాడు. స్లావానాడు ఇంటి యజమాని కూర్చోకూడదు, అతిథులకి నిలబడి మర్యాద చెయ్యాలన్నది మా ఆచారం. మా ఇంట్లో అది మొదటి గ్లాసు రకియా సారా దాకే. ఆ తర్వాత ఆయన కూర్చుంటాడు, నిలబడే ఆచారం నాకు బదిలీ అవుతుంది.

నేను సూప్ గిన్నె పట్టుకుని గదిలోకి వచ్చేసరికి మిలుతిన్ మాట్లాడుతున్నాడు. మా పెళ్ళికి సాక్షిగా నిలబడ్డవాడు, అలాంటివాణ్ణి మేం కుమ్ అంటాం, సొంత అన్నకంటే ఎక్కువ. "ఏమోయ్ రడోమిర్, మా చెల్లాయి సోమవారం నుంచి పెద్ద వంటలక్క అవుతుందటగా! ఇక నీకు పస్తులే."

రడోమిర్ గ్లాసు ఎత్తాడు. "ఎక్కడికీ వెళ్ళదు. సైకిల్ నాకు కావాలి వసంతం దాకా. రాలేనని వాళ్ళకి రేపు చెప్పేస్తుంది. ఈ వయసులో చీకట్లో కొండలెక్కడమేంటి, మనకేం తక్కువైందని?"

"తెల్లారకముందే సైకిలెక్కి పారిపోదామనుకున్నావా చెల్లాయ్?" అన్నాడు మిలుతిన్. బల్లంతా నవ్వింది. అది చెడ్డ నవ్వు కాదు, నన్ను ప్రేమించేవాళ్ళ నవ్వే. అందుకే అంత నొప్పి పెట్టింది. నా చేతుల్లో గిన్నె కాలుతోంది. రడోమిర్ నావైపు చూడను కూడా లేదు. రేపు నేనేం చెప్పాలో ఇవాళే ఆయన చెప్పేశాడు, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. నాకు కళ్ళలో నీళ్ళు రాలేదు. వసంతం వచ్చాక మళ్ళీ కఫానా ముందు సంచులతో నిలబడ్డ నా మొహం నాకు కనిపించింది.

గిన్నెని పక్క బల్ల మీద పెట్టేసి చిన్నగదిలోకి వెళ్ళాను. బ్యాటరీ చచ్చి ఉంటుందని తెలుసు, ముందురాత్రి కూడా ఆయన పీల్చేసి తెచ్చాడు. అయినా వెళ్ళాను. అక్కడ పచ్చడి సీసాల మధ్య చిన్న స్టూలు మీద మా అత్త కూర్చుని ఉంది. చెప్పులు విప్పేసి, వాచిన పాదాలు చల్లటి గచ్చు మీద ఆనించింది. ఆమె పక్కన బ్యాటరీ మీద పచ్చదీపం వెలుగుతోంది. నిండుగా ఉంది.

"రాత్రి నేనే దీన్ని చార్జింగ్ పెట్టా. వాడు పొద్దున్న తీసేసి కాఫీ మిషను పెట్టాడు. నేను మళ్ళీ పెట్టా" అంది నావైపు చూడకుండా.

"ఇల్లు కాలిపోదా అత్తయ్యా?"

"కాలితే కాలనీ." పాదాలు ఒకదానితో ఒకటి రాసుకుంది. "ఈ ఇంటికొచ్చాక ఒక్క పేట్కా పండక్కీ నేను కూర్చోలేదే. ఇప్పుడు కాళ్ళు చచ్చుబడ్డాయి కాబట్టి కూర్చున్నా, అదీ ఇక్కడ దాక్కుని. నువ్వు కూడా కాళ్ళు చచ్చేదాకా ఆగుతావా?"

ఆప్రాన్ విప్పి ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె దాన్ని మడతపెట్టింది.

పెరట్లో సైకిల్ సీటు మళ్ళీ ఎత్తుగా ఉంది. వదులు చేసి, నా ఎత్తుకి దించి, పానాతో మరలు చేతికి తిరగనంత గట్టిగా బిగించాను. బ్యాటరీ పెట్టి, దాని తాళంచెవి మెళ్ళో వేసుకున్నాను. సోమవారం దారి ఎలా ఉందో చూడాలి కదా. కొండ దిగి, వంతెన దాటి, ఎదుటి కొండ ఎక్కాను. ఆ తల్లిని కొలిచే ఇళ్ళు మాదొక్కటే కాదు, దారి పొడుగునా కిటికీల్లో వెలుగుతున్న పండగ కొవ్వొత్తులు, వాటి వెనక బల్లల చుట్టూ పళ్ళేలతో తిరుగుతున్న ఆడవాళ్ళు. ఒకామె గరిటె పట్టుకునే నన్ను చూసింది. తలూపాను, తనూ ఊపింది. ఏటవాలు మా వీధి కంటే నిటారుగా ఉంది. తొక్కాను. అది తోడొచ్చింది. కొత్త బడి గేటు దగ్గర ఆగి చూస్తే బ్యాటరీ ఇంకా సగానికి పైనే ఉంది. నా ఊపిరి కూడా.

అక్కడ నిలబడి, అటునుంచి ఎటైనా వెళ్ళిపోవచ్చని అనుకున్నాను. వెళ్ళాలనిపించలేదు. ఆ ఇల్లు నాది కూడా. పారిపోయేది నేనెందుకు కావాలి?

తిరిగొచ్చి పెరటి గుమ్మం వైపు వెళ్ళలేదు. సైకిల్ వీధి గుమ్మం పక్కన నిలబెట్టి, అతిథులు వచ్చినట్టు తలుపు తట్టి లోపలికి వెళ్ళాను.

గదిలో సందడి తగ్గింది. రడోమిర్ ఓ చేత్తో గరిటె, ఓ చేత్తో తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. టై పక్కకి జరిగింది, బొత్తం లేని చోట బనీను కనిపిస్తోంది. మా అత్త బల్ల దగ్గర, అతిథుల వరసలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అక్కడ ఆమెని నేనెప్పుడూ చూడలేదు.

"ఎక్కడికెళ్ళావే? జనం సూప్ లేకుండా కూర్చున్నారు!" అన్నాడు గొంతు తగ్గించి.

నేను గుమ్మంలోనే నిలబడి, ఏ ఇంటికి వెళ్ళినా అతిథి అనే మాటే అన్నాను. "పండగ శుభాకాంక్షలు, యజమానీ!"

ఎవరూ నవ్వలేదు. మిలుతిన్ గ్లాసు కింద పెట్టాడు. స్లావానాడు ఆ మాట అన్న మనిషిని గుమ్మంలో నిలబెట్టకూడదు, అది ఈ కొండల్లో పసిపిల్లలకి కూడా తెలుసు.

"రడోమిర్, గుమ్మంలో అతిథి. నిలబడి చూస్తావేరా, ప్రసాదం తీసుకురా" అంది మా అత్త.

ఆయన అటూ ఇటూ చూశాడు. గరిటె పెట్టేశాడు. పళ్ళెం తెచ్చి రెండు చేతులతో నా ముందు పట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా ఆ గోధుమలు ఉడకబెట్టింది, అక్రోట్లు దంచింది, చక్కెర కలిపింది నేను. ఎప్పుడూ ఇలా అందుకోలేదు. సిలువ గుర్తు వేసుకుని ఒక చెంచాడు నోట్లో వేసుకున్నాను. బాగా కుదిరింది. తర్వాత వెళ్ళి అత్త పక్కన ఖాళీగా ఉన్న ఆయన కుర్చీలో కూర్చున్నాను.

"సోమవారం చీకటితోనే వెళ్తాను. సీటు నా ఎత్తుకి బిగించాను, ఇక దాన్ని ఎవరూ కదపొద్దు" అన్నాను. "నాకు సూప్ వేడిగా కావాలి రడోమిర్. అత్తయ్యకి కూడా."